ఆరేళ్ళుగా పూయని ఖుబానీ చెట్టు

నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్ళు. భర్త 24 ఏళ్ళు సైన్యంలో పనిచేసి, హవల్దారుగా రెండేళ్ళ కింద రిటైరై ఇంటికొచ్చారు. అంతకుముందు ఆయన ఏడాదిలో రెండు నెలలే ఇంట్లో ఉండేవారు. మామ చనిపోయాక నాలుగెకరాల బత్తాయి తోట భారమంతా ఆమె మీదే పడింది. మూడు బోర్లు వేయిస్తే ఒకటి నిలిచింది. డ్రిప్పు పైపులు ఎలుకలు కొరికితే అతుకులు వేసుకోవడం దగ్గర్నుంచి, వ్యాపారి టన్నుకు ఇంత అని తరుగు తీస్తుంటే నిలబడి కొట్లాడటం దాకా అన్నీ ఆమే నేర్చుకున్నారు. కొడుకు ఇంజనీరింగ్ చివరి సంవత్సరం, బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం. అత్తమ్మ వీళ్ళతోనే ఉంటారు.

భర్త కొన్నాళ్ళు కార్గిల్‌లో ఉన్నారు. అక్కడి ఊళ్ళవాళ్ళు జవాన్లకు ఆప్రికాట్ పండ్లు దోసిళ్ళతో పెట్టేవారట. మనం ఖుబానీ అంటామే, అవే. ఆరేళ్ళ కింద సెలవు మీద వస్తూ ఆయన కొన్ని గింజలు తెచ్చారు. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు నెలలయ్యాక నాటమని భార్యకు చెప్పి వెళ్ళారు. ఆమె ఏడు గింజలు నాటితే ఒకటి మొలిచింది. బోరు షెడ్డు పక్కన ఆ చెట్టు ఇప్పుడు రేకుల ఎత్తుకు పెరిగింది. ఆకు వేస్తుంది. పువ్వు మాత్రం ఇంతవరకు ఒక్కటీ పూయలేదు. రెండేళ్ళుగా మానుకు బంక కారుతోంది. "చెట్టు ఏడుస్తున్నది బిడ్డా, దాని ఊరికి దాన్ని తోలియ్యి" అంటుందట అత్తమ్మ.

ఇంతవరకే అయితే నేను ఉత్తరం రాసేదాన్ని కాదు అంటారామె. భర్త ఇప్పుడు రెండు ఆలోచనలు పట్టుకుని కూర్చున్నారు. ఒకటి, తోటలో ముసలివైన రెండెకరాల బత్తాయి తీసేసి ఖుబానీ అంట్లు పెట్టడం. "మీ ఎండలకు తట్టుకునే రకం" అని ఒక నర్సరీవాడు ఫోన్‌లో చెప్పాడు. మొక్క 450 రూపాయలు, 200 మొక్కలు. ఆసిఫాబాద్ జిల్లాలో ఆపిల్ పండింది, మన దగ్గర ఖుబానీ ఎందుకు పండదు అని ఆయన వాదన. రెండోది, తనతో పనిచేసిన హిమాచల్ స్నేహితుడి కొండ తోటలో 9 లక్షలు పెట్టి వాటా తీసుకుని, ఏడాదిలో సగం రోజులు అక్కడే ఉండటం. ఆ డబ్బు రిటైరైనప్పుడు వచ్చినదాంట్లో మిగిలినది. దాన్ని బిడ్డ చదువు కోసమని ఆమె అనుకున్నారు.

రెండింటికీ ఆమె కాదన్నారు. నాలుగు నెలలుగా ఇద్దరి మధ్య అవసరమైన మాటలు తప్ప మాటల్లేవు. ఆయన షెడ్డులోనే పడుకుంటున్నారు. ఒకరోజు, "ఇంత తోటలో నాది అని ఒక్క చెట్టు ఉండొద్దా?" అన్నారట. ఆ మాట దగ్గర ఆమె ఇంకో విషయం రాశారు. పోయిన ఎండాకాలం బోరులో నీళ్ళు తగ్గినప్పుడు, బత్తాయి చచ్చిపోతుందన్న భయంతో ఖుబానీ చెట్టుకున్న డ్రిప్పర్ తీసి పైపుకు మూత పెట్టేశారు. ఆయనకు చెప్పలేదు. ఇప్పటికీ తెలియదు. "చెట్టు పూయకపోవడం నా వల్లేనా అన్నా? ఆయన లేనప్పుడు కొట్టించేస్తే ఈ గొడవ పోతుందా? డబ్బుకు అడ్డుపడుతున్న నేను రాతిగుండెదాన్నా?" అని అడిగారు.

చెల్లెమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెట్టు, డబ్బు, మీ ఇద్దరి సంసారం, ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. చెట్టు గురించి మాట్లాడితే ఆయనకు తనను వద్దంటున్నట్టు వినిపిస్తోంది. ఆయన డబ్బు గురించి మాట్లాడితే మీకు మళ్ళీ ఒంటరిగా వదిలేసి పోతున్నట్టు వినిపిస్తోంది. విడివిడిగా చూద్దాం. ముందు చెట్టు, ఎందుకంటే దాని సంగతి తేలిగ్గా తేలుతుంది.

చెట్టు పూయకపోవడానికి కారణం మీరు కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మీరు ఏడాదిగా దీన్ని మోస్తున్నట్టున్నారు. మీరు డ్రిప్పర్ తీసింది పోయిన ఎండాకాలం. అంతకుముందు అన్నేళ్ళు నీళ్ళు పోశారు కదా, అప్పుడూ పూయలేదు. బంక కూడా రెండేళ్ళ కిందే మొదలైందని మీరే రాశారు. నీళ్ళు ఆపడం వల్ల చెట్టు కొంత నీరసపడి ఉండొచ్చు. పూత రాకపోవడం మాత్రం వేరే కథ.

ఆ కథ మీ ఫ్రిజ్‌లోనే ఉంది. గింజల్ని రెండు నెలలు చలిలో పెట్టమని ఆయన ఎందుకన్నారు? ఆ చలి తగలకపోతే ఖుబానీ గింజ నిద్ర లేవదు. చెట్టుకూ అంతే. ఎండాకాలం చివర్లోనే కొమ్మల మీద మరుసటి ఏడాది పూమొగ్గ సిద్ధమవుతుంది, కానీ గట్టిగా మూసుకుని నిద్రపోతుంది. చలికాలంలో సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటలు తగిలితేనే ఆ నిద్ర తీరుతుంది. రకాన్ని బట్టి ఖుబానీకి 300 నుంచి 900 గంటల దాకా కావాలి. చలి చాలకపోతే మొగ్గ విచ్చుకోకుండా లోపలే ఎండి రాలిపోతుంది. ఆకు ఆలస్యంగా, ఒక కొమ్మకు వచ్చి ఇంకో కొమ్మకు రాకుండా వేస్తుంది. మీ చెట్టు జనవరిలో ఎట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి.

దీన్ని బత్తాయి రైతుకు అర్థం చేయించడం కష్టం కాదు. మీరు నవంబరు, డిసెంబరులో తోటను బెట్టకు తెస్తారు కదా. నీళ్ళు ఆపి, ఆకు వడలి కొంత రాలేదాకా ఉంచి, తర్వాత ఎరువు వేసి నీళ్ళు వదిలితే అప్పుడు పూత విరగబూస్తుంది. బెట్ట లేకుండా ఏడాదంతా నీళ్ళు పెడితే బత్తాయి ఆకు మీద ఆకు వేస్తూ కూర్చుంటుంది. మన చెట్టుకు బెట్ట ఎట్లాగో ఆ కొండ చెట్టుకు చలి అట్లా. బెట్ట మీ చేతిలో ఉంది, వాల్వ్ కట్టేస్తే వస్తుంది. చలి మీ చేతిలో లేదు. దేవరకొండ పక్క డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు మామూలుగా 12 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటాయి. ఎప్పుడో ఒక రాత్రి ఇంకా తగ్గినా, పొద్దెక్కగానే మళ్ళీ వేడి. 7 డిగ్రీల లోపు గంటలు మన దగ్గర సున్నా అనుకోవచ్చు. కార్గిల్‌లో చలికాలం మైనస్‌లోనే గడుస్తుంది. ఆ గింజ అక్కడిది.

ఆయన చెప్పే ఆపిల్ మాట అబద్ధం కాదు. కెరమెరి మండలంలో ఒక రైతు ఆపిల్ పండించిన సంగతి 2020లో అందరూ చూశారు. కానీ మన వైపు అలాంటి ఆపిల్ ప్రయత్నాలకు వాడేవి తక్కువ చలితోనే పూసే రకాలు. వాటిలో పేరున్న హెచ్‌ఆర్‌ఎంఎన్-99 హిమాచల్ బిలాస్‌పూర్ జిల్లాలో, దిగువ కొండల్లో పుట్టింది. పైగా ఆసిఫాబాద్, ఆదిలాబాద్ అడవి పక్క చలి వేరు. మన రాష్ట్రంలో చలికాలం అతి తక్కువ ఉష్ణోగ్రతలు పేపర్లో వచ్చేది ఆ ఊళ్ళ నుంచే. అట్లాగే పంజాబ్ మైదానంలో పీచ్ పండ్లు పండిస్తారు, అవీ తక్కువ చలి రకాలే. అయినా అక్కడ జనవరి పొగమంచులో నాలుగైదు డిగ్రీల రాత్రుళ్ళు వరసగా ఉంటాయి. తక్కువ చలి అంటే అసలు చలే అక్కర్లేదని కాదు. నర్సరీవాడు ఆ తేడా చెప్పకుండా ఎండకు తట్టుకుంటుంది అన్నాడు. తట్టుకుంటుంది నిజమే, మీ చెట్టు ఆరేళ్ళు తట్టుకునే ఉంది.

కాబట్టి రెండెకరాల్లో 200 మొక్కల మాటకు నా సలహా స్పష్టం, పెట్టొద్దు. 90 వేలు మొక్కలకు, గుంతలకు, కూలీలకు ఇంకొంత, నాలుగైదేళ్ళ నీళ్ళు, చివరకు 200 పూయని చెట్లు. ఆయనకు అనుమానం తీరకపోతే నర్సరీవాణ్ణి ఒక్క మాట అడగమనండి. మా జిల్లాలో గానీ, పక్క జిల్లాలో గానీ మీ మొక్క పెట్టి ఐదేళ్ళయి, కాపు కాస్తున్న తోట ఒకటి చూపించు, మా ఖర్చుతో వచ్చి చూసుకుంటాం అని. చూపించలేకపోతే అక్కడితో ఆగిపోవచ్చు.

అయితే ఇది మీరు చెప్తే ఆయన వింటారా? వినరు, నాలుగు నెలల తర్వాత అస్సలు వినరు. ఆయన సైనికుడు, రాసి ఉన్న లెక్కను నమ్మే మనిషి. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రత రెండూ చూపించే చిన్న థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నవంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఆ చెట్టు పక్కనే, ఎండ పడని చోట, నేలకు మనిషి ఛాతీ ఎత్తున కట్టమనండి. రోజూ పొద్దున రాత్రి కనిష్ఠం ఎంతో నోటుబుక్కులో రాయమనండి. 7 లోపు ఎన్ని రాత్రులు దిగిందో ఆయనే లెక్కేసుకుంటారు. ఫిబ్రవరిలో ఆ బుక్కు ఆయన చేతిలో ఉంటుంది. నిర్ణయం మీరు రుద్దినది కాకుండా ఆయన కనుక్కున్నది అవుతుంది. అప్పటిదాకా బత్తాయి చెట్ల మీద గొడ్డలి పెట్టనని మాట తీసుకోండి చాలు.

ఇప్పుడు హిమాచల్ సంగతి. అక్కడ చలి ఉంది, ఖుబానీ పండుతుంది, అందులో అనుమానం లేదు. కానీ చలి ఉన్నచోట ఇంకో కష్టం ఉంటుంది. పండ్ల చెట్లలో చాలావాటికంటే ఖుబానీ పూత ముందుంటుంది. నిద్ర తీరగానే, నాలుగు రోజులు కాస్త వేడి తగిలితే చాలు, ఆకు రాకముందే పూసేస్తుంది. తర్వాత మళ్ళీ చలి తిరిగొస్తుంది. విచ్చిన పువ్వుకు మైనస్ రెండు మూడు డిగ్రీల దగ్గర నష్టం మొదలవుతుంది, మైనస్ ఐదారుకు పోతే పూత దాదాపు మొత్తం పోతుంది.

నేను ఉద్యాన శాఖలో ఉన్నప్పుడు ఒకసారి మార్చిలో హిమాచల్‌లోనే సోలన్ వైపు వెళ్ళాను. ముందు రోజు రాత్రి మంచు కొట్టింది. పొద్దున చూస్తే తోటంతా తెల్లగా, లేత గులాబీగా పూసి ఉంది, తేనెటీగలు కూడా తిరుగుతున్నాయి. ఎంత బాగుందో అన్నాను. ఆ తోట పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. ఒక పువ్వు తుంచి, గోటితో నిలువుగా చీల్చి నా అరచేతిలో పెట్టాడు. రేకులకు ఏమీ కాలేదు. నడుమ పచ్చగా ఉండాల్సిన పిందె మాత్రం మిరియం గింజంత నల్లగా మాడిపోయి ఉంది. ఇంకోటి చీల్చాడు, అదీ నలుపే. ఐదో పువ్వుకు ఒకటి పచ్చగా వచ్చింది. ఆ ఏడాది ఆయన కాపు అంతే అన్నమాట. ఇప్పటికీ పూత చూస్తే నాకు ఆ నల్లటి చుక్క గుర్తొస్తుంది.

అందుకే కొండ తోటలో వాటా అన్నప్పుడు, ఎన్ని చెట్లు అని అడిగే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. తోట వాలు మీద ఉందా, లోయ అడుగున ఉందా? చల్లగాలి బరువైనది, నీళ్ళలాగే కిందికి పారి అడుగున నిలుస్తుంది. అడుగున ఉన్న తోట కాలిపోయిన రాత్రే వాలు మీది తోట బతుకుతుంది. ఎండ ఎక్కువ పడే దక్షిణపు వాలు అయితే పూత ఇంకా తొందరపడుతుంది, ఉత్తరపు వాలు అయితే కొన్ని రోజులు ఆగుతుంది, ఆ కొన్ని రోజులే ఒక్కోసారి కాపును కాపాడతాయి. పోయిన పదేళ్ళలో ఎన్నేళ్ళు నిండు కాపు వచ్చింది? వడగళ్ళకు వలలు ఉన్నాయా? ఏ రకం? దిగువ కొండల్లో న్యూ క్యాజిల్ రకం మే చివర, జూన్‌లో వస్తుంది. ఆ పండు మెత్తన, కోశాక మూడు నాలుగు రోజులు మించి ఆగదు, వానలు ముందే పడితే కుళ్ళు తెగులు. కిన్నౌర్ లాంటి పైకొండల్లో, లద్దాఖ్‌లో అయితే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇంటి కప్పుల మీద పరిచి ఎండబెడతారు. ఆ ఎండు పండుకు తొందర లేదు, ఏడాది ఆగుతుంది. మీవారి స్నేహితుడి తోట ఈ రెంటిలో ఏ పక్కదో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీకూ తెలియదు. మీవారినే అడగండి. ఈ ప్రశ్నలు అడిగితే ఆయనకు కోపం రాదు చెల్లెమ్మా. తోట గురించి మీరు మాట్లాడటం మొదలుపెట్టారని అనిపిస్తుంది.

అయితే 9 లక్షల వాటాలో పెద్ద చిక్కు మంచు కాదు, కాగితం. హిమాచల్‌లో 1972 నాటి భూసంస్కరణల చట్టం 118వ సెక్షన్ ప్రకారం, ఆ రాష్ట్రంలో వ్యవసాయదారుడు కానివాళ్ళు ప్రభుత్వ అనుమతి లేకుండా అక్కడ సాగుభూమి కొనలేరు. మీకు ఇక్కడ నాలుగెకరాల పట్టా ఉన్నా అక్కడి లెక్కలో మీరు వ్యవసాయదారులు కారు. కౌలుకు కూడా అదే అడ్డు. అంటే మీ డబ్బుతో ఏం చేసినా భూమి స్నేహితుడి పేరు మీదే ఉంటుంది. ఆయన మంచివాడే కావచ్చు. ఇరవై ఏళ్ళు ఒకే బ్యారక్‌లో పడుకున్న మనుషుల నమ్మకం మనకు తెలియనిది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆయనకు రేపు ఏదైనా అయితే? ఆయన కొడుకులకు, అన్నదమ్ములకు మీ వాటా కట్టుబాటు కాదు. వేరొకరి పేరు మీద మన డబ్బుతో భూమి పెట్టడాన్ని బినామీ చట్టం కూడా ఒప్పుకోదు. ఆ 9 లక్షలకు మీరు అడ్డుపడటం రాతిగుండె కాదు. బిడ్డ ఇంటర్ అయిపోయే సంవత్సరం ఏ తల్లైనా ఆగి అడుగుతుంది.

మరి పూర్తిగా వద్దనేస్తే? అనొచ్చు. డబ్బు మిగులుతుంది. ఆయన షెడ్డులోంచి ఇంట్లోకి వస్తారన్న నమ్మకం మాత్రం నాకు లేదు. అందుకే నడుమ దారులు కొన్ని చెప్తాను. వాటి మంచీ చెడూ మీరే చూసుకోండి.

ఒక సీజన్ ఆయన్ను అక్కడికి పంపడం మొదటిది. వాటా లేకుండా, స్నేహితుడి తోటలో పనికి. ఫిబ్రవరి చివర వెళ్తే పూత చూస్తారు, మంచు రాత్రుళ్ళు చూస్తారు, పిందె పలచన చేయడం, కోత, పెట్టెల్లో సర్దడం, మార్కెట్ అన్నీ చూసి జూన్‌కు తిరిగొస్తారు. ఖర్చు రైలు చార్జీలు, తిండి. తోట వ్యాపారం ఆయనకు నిజంగా కావాలో, లేక ఆ కొండల మీద తన వయసు కావాలో ఆ నాలుగు నెలల్లో తేలుతుంది. ఇందులో చెడు కూడా చెప్పాలి. ఆ నాలుగు నెలలూ మీకు బోరు కష్టం ఉండే ఎండాకాలం. మళ్ళీ ఒంటరిగా మీరే. దానికి మీరు సిద్ధంగా లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఒప్పుకుని పంపి, ఫోన్ చేసినప్పుడల్లా ముభావంగా ఉంటే ఆయన అక్కడా ఉండలేరు, ఇక్కడా ఉండలేరు.

ఇంకోటి నాకు బాగా నచ్చినది. భూమి కొనడం కష్టం, సరుకు కొనడానికి అడ్డేమీ లేదు. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఎండు ఖుబానీతో చేసే ఖుబానీ కా మీఠా లేకుండా విందు ముగియదు. ఇప్పుడు నల్లగొండ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్ళలో కూడా పెడుతున్నారు. ఆ ఎండు ఖుబానీ ఎక్కువగా బేగంబజార్ నుంచి వస్తుంది, చాలావరకు అఫ్గానిస్తాన్ సరుకు. స్నేహితుడి దగ్గర గానీ, ఆయనకు తెలిసిన పైకొండ రైతుల దగ్గర గానీ ఎండు పండు దొరికితే, మొదటిసారి ఒక క్వింటాలు తెప్పించి మీ చుట్టుపక్కల వంటవాళ్ళకు, స్వీటు షాపులకు చూపించవచ్చు. రాత్రి నానబెడితే పొద్దున ఎంత ఉబ్బుతుంది, గింజ తేలిగ్గా విడుతుందా, తీపి ఎంత, ఇవే వాళ్ళు చూస్తారు. గంధకం పొగ పట్టినది నారింజ రంగులో ఉంటుంది, పట్టనిది గోధుమ రంగుకు తిరుగుతుంది, ధర ఆ రంగును బట్టి మాట్లాడతారు. నష్టపోతే ఆ క్వింటాలు డబ్బే పోతుంది. 24 ఏళ్ళు ఉత్తరాన బతికి, హిందీ, పంజాబీ మాట్లాడే మనిషికి ఇది చేతనయ్యే పని. బత్తాయి వ్యాపారితో బేరమాడి మీకు వచ్చిన అనుభవం కూడా ఇందులో పనికొస్తుంది. లాభం తొందరగా రాదు, పెళ్ళిళ్ళ సీజన్ బట్టి నడుస్తుంది, ఆ ఓపిక ఉండాలి.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పేస్తాను. మీవారు గింజలు పగలగొట్టి లోపలి పప్పు పిల్లలకు పెడుతుంటారని రాశారు. లద్దాఖ్‌లో తియ్యటి పప్పు రకాలు ఉన్నాయి. తెల్ల గింజ రక్త్‌సే కార్పో అలాంటిదే, అది బాదంలా తింటారు. కానీ చేదు పప్పు విషం. కడుపులోకి పోయాక సయనైడ్ తయారవుతుంది. చేదు తగిలితే ఉమ్మేయమని పిల్లలకు చెప్పండి, తెలియని సరుకులో గింజ అసలు ముట్టనివ్వొద్దు.

ఇక ఆ ముసలి రెండెకరాలు. అక్కడ బత్తాయి ఎట్లాగూ తీయాల్సిందే అయితే, ఆయన మాటలో సగం ఒప్పుకోవడానికి అది మంచి చోటు. నేను పాలమూరు వాణ్ణి కాబట్టి నా మనసు సీతాఫలం వైపే పోతుంది, అది మీకు ముందే చెప్తున్నాను. మా బాలానగర్ రకం రాళ్ళనేలలో, బత్తాయితో పోలిస్తే కొద్ది నీళ్ళతో కాస్తుంది. చలికాలం పోతూ ఆకు మొత్తం రాల్చి మోడుగా నిలబడి, మళ్ళీ చిగురుతో పాటు పూస్తుంది. కొండ చెట్లను చూసిన కంటికి ఆ మోడు, ఆ చిగురు నచ్చుతాయి. కోత సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. పండు రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది, మార్కెట్‌కు పరుగెత్తాలి, అది దాని కష్టం. సీతాఫలమే అని కాదు, జామ అనుకోండి, మామిడి అనుకోండి. ఏది పెట్టినా పాత బత్తాయి గుంతల్లోనే వెంటనే కాకుండా, వేర్లు ఏరించి, ఒక పంట జనుమో జీలుగో వేసి దున్నించి పెట్టండి. ముఖ్యమైనది, ఆ రెండెకరాల్లో ఏం పెట్టాలో, కూలీలను ఎప్పుడు పిలవాలో, ఎవరికి అమ్మాలో పూర్తిగా ఆయన చేతికి ఇవ్వండి. తప్పు చేస్తున్నారనిపించినా ఒక ఏడాది ఊరుకోండి. మీరు కూడా మూడు బోర్లు వేసే కదా నేర్చుకున్నారు.

ఇది చెప్తుంటే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఆ తోటలో ప్రతి చెట్టూ మీకు తెలుసు, ఏ లైనులో ఏ డ్రిప్పర్ మూసుకుపోతుందో కూడా తెలుసు. ఆయన లేకుండా మీరు దాన్ని నిలబెట్టారు, ఆ కష్టానికి ఎవరూ మీకు సలాం కొట్టలేదు. ఆయనకు మెడల్స్ ఉన్నాయి, పెన్షన్ ఉంది, ఊళ్ళో ఫౌజీ అని గౌరవం ఉంది. మీకు ఉన్నది ఆ తోట ఒక్కటే. ఇప్పుడాయన వచ్చి దాంట్లో సగం తీసేద్దాం అంటుంటే ప్రాణం పోయినట్టు ఉండదా? ఆయన వైపు చూస్తే, రిటైరై వచ్చిన మనిషికి సొంత ఇంట్లో చేసే పని లేదు. నీళ్ళు ఎప్పుడు వదలాలో అడగాలి, మందు ఎంత కలపాలో అడగాలి, కూలోళ్ళు కూడా ఆయన్ను కాదని మీ ముఖం చూస్తారు. మొత్తం తోటలో ఆయన తెచ్చినది ఆ ఒక్క గింజ. అందుకే అది పూయాలని అంత పట్టుదల. ఈ మాట ఆయన నోటితో చెప్పరు. షెడ్డులో పడుకోవడమే ఆయన చెప్పడం.

ఆ చెట్టును ఆయన లేనప్పుడు కొట్టించొద్దు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు రెండో దారి చూపించను. అది పూయదు, సరే. ఒక్క చెట్టు తాగే నీళ్ళు ఎన్ని? షెడ్డుకు నీడ ఇస్తుంది, ఉండనివ్వండి. రేపు ఫిబ్రవరిలో నోటుబుక్కు చూసుకుని ఆయనే తీసేద్దాం అంటే అప్పుడు తీయండి.

దాని బంకకు మందు మీ ఇంట్లోనే ఉంది. బత్తాయి బంక తెగులుకు పూసే, మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టే. కారిన బంకను కత్తితో గీకేసి, కింద కుళ్ళిన బెరడు ఉంటే తెల్లటి మంచి బెరడు కనిపించేదాకా చెక్కి పేస్టు పూయాలి. ఎండాకాలానికి ముందు మానుకు సున్నం కొడితే పడమటి ఎండకు బెరడు పగలదు. ఈ పని మీరిద్దరూ కలిసి చేయండి, కూలోళ్ళను పిలవొద్దు. ఆయన గీకుతుంటే మీరు డబ్బా పట్టుకోండి. డ్రిప్పర్ సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. పెద్ద మాటలు అక్కర్లేదు. "పోయిన ఎండాకాలం బోరు తగ్గితే దీని డ్రిప్పర్ నేనే తీసిన. బత్తాయి పోతదని భయమైంది. నీకు చెప్పలేకపోయిన" అనండి చాలు. కోపం వస్తే రానివ్వండి. ఆయన కూడా ఎక్కడో ఒక పోస్టు కాపాడటానికి ఇంకోటి వదిలేసిన మనిషే అయి ఉంటారు. మూత తీసి డ్రిప్పర్ మళ్ళీ పెట్టాలా వద్దా అన్నది ఆ చెట్టు కిందే నిలబడి ఇద్దరూ అనుకోండి.